మధ్యాహ్నం నడుం వాలిస్తే మాటలు పడాల్సి వస్తోంది, ఏం చేయాలి?

నరసాపురం దగ్గర ఒక ఊరి నుంచి ఒకావిడ నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరూ ఊరూ బయటపెట్టొద్దన్నారు, అలాగే. ఆవిడకి ముప్పై ఎనిమిదేళ్లు. భర్త రొయ్యల చెరువులు లీజుకి చేస్తారు. ఇంట్లో ఇంటర్ చదివే కొడుకు, ఏడో తరగతి కూతురు, డెబ్బై దాటిన అత్తగారు. వంట, పిల్లలు, గేదె అన్నీ చూసుకుంటూనే ఆవిడ రోజుకి ఐదు గంటలకి తక్కువ కాకుండా లేసు అల్లుతారు. ఏజెంటు నూలు తెచ్చి ఇస్తాడు, అల్లినదాన్ని బట్టి డబ్బులు.

ఆవిడ చెప్పుకున్న బాధ ఇది. తెల్లవారుజామున మూడున్నరకే అత్తగారు లేచి గిన్నెలు కదపడం మొదలుపెడతారు. ఆ చప్పుడుకి మెలకువ వచ్చేస్తుంది, ఎంత పొర్లినా నాలుగున్నరకి ఈవిడా లేవాల్సిందే, ఆరుంబావుకి కొడుకు కాలేజీ బస్సు. ఏడింటికి భర్త చెరువు మీద నుంచి వచ్చి టిఫిన్ తిని పడుకుంటారు, పదిన్నరకి లేస్తారు, భోంచేసి మళ్లీ రెండు గంటలు పడుకుంటారు. "రాత్రంతా గట్టు మీద ఉన్నాడు పాపం" అని ఆ సమయంలో ఇంట్లో ఎవరూ గట్టిగా మాట్లాడరు కూడా. ఈవిడ అంట్లు కడుక్కుని ఒంటిగంటన్నరకి లేసు పట్టుకుని కూర్చుంటే రెండయ్యేసరికి కళ్లు మూతలు పడిపోతాయి. లెక్క తప్పుతుంది. తప్పిన వరసంతా ఊడదీసి మళ్లీ అల్లాలి. పోనీ చాప వేసుకుని కాసేపు వాలదామంటే అత్తగారు పక్కింటికి వినబడేలా "ఏమ్మా, ఒంట్లో బాలేదా?" అంటారట. "పగటి నిద్ర పనికి చేటు" అనే సామెత రోజూ వినిపిస్తుందట. పెద్దకోడలు ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా పగలు పడుకోలేదన్న పోలిక సరేసరి. అందుకని ఎలాగో ఆపుకుని, సాయంత్రం ఐదింటికి భర్త చెరువుకీ అత్తగారు గుడికీ వెళ్లాక గంటసేపు పడుకుంటారు. లేచేసరికి తల దిమ్ము, రాత్రి పదకొండున్నర దాటినా నిద్ర పట్టదు. ఆ పైన వారంలో మూడు నాలుగు రాత్రులు కరెంటు పోయిందనో, జనరేటర్ స్టార్ట్ కావడం లేదనో రెండింటికో మూడింటికో భర్త నుంచి ఫోన్. ఎండలు ముదిరాక స్లాబు వేడికి ఆ కాస్త నిద్రా కూడా పోయింది.

"నేను నిజంగా బద్ధకస్తురాలినా? ఇది జబ్బా? పగలు పడుకుంటే మంచిదా చెడ్డదా? ఇంట్లో గట్టిగా మాట్లాడి తేల్చుకోవాలా, టీ తాగి సర్దుకుపోవాలా?" ఇవీ ఆవిడ ప్రశ్నలు.

అమ్మా, మీ ఉత్తరం చదువుతూ నేను మొదట చేసిన పని మీ నిద్ర గంటలు కూడడం. పదకొండున్నరకి పడుకుని, మూడున్నరకి చప్పుడు విని, నాలుగున్నరకి లేచే మనిషికి మంచి రాత్రి మహా అయితే ఐదు గంటలు, ఫోన్ వచ్చిన రాత్రి నాలుగు. పెద్దవాళ్లకి కనీసం ఏడు గంటలు కావాలి. రోజుకి రెండు మూడు గంటల నిద్ర బాకీ పెట్టుకుని, ఇంటి పని మీద ఐదు గంటల కంటిపని చేస్తూ "నేను బద్ధకస్తురాలినా" అని అడుగుతున్నారు. కాదు. ఈ మాట మీకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెబుతున్నాను, గట్టిగానే చెబుతున్నాను.

అయితే రాత్రి ఎనిమిది గంటలు హాయిగా పడుకున్న మనిషికి కూడా మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడింటి మధ్య కాస్త మగతగానే ఉంటుంది. అన్నం తిన్నందువల్ల అనుకుంటాం. అన్నం ఎక్కువైతే మగత పెరిగే మాట నిజమే గానీ, ఆ పూట భోజనం మానేసినవాళ్లలోనూ ఆ వేళకి చురుకుదనం తగ్గుతుందని పరిశోధనల్లో తేలింది. మన మెదడులో, రెండు కళ్ల నుంచి వచ్చే నరాలు ఒకదాన్నొకటి దాటే చోటికి సరిగ్గా పైన, ఒక చిన్న కణాల గుంపు ఉంది, ఇరవై వేల కణాలు ఉంటాయేమో. శరీరానికంతటికీ గడియారం అదే. వెలుతురుని బట్టి పగలూ రాత్రీ లెక్క పెట్టుకుని ఒంటి వేడిని, హార్మోన్లని, నిద్రని నడిపిస్తుంది. ఆ గడియారం కణం లోపల ఎలా తిరుగుతుందో పండ్ల ఈగల మీద పరిశోధన చేసి కనిపెట్టిన ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి 2017లో నోబెల్ బహుమతి ఇచ్చారు. ఇది ఒక వైపు. ఇంకో వైపు, మనం మేలుకుని ఉన్నంతసేపూ మెదడులో అడెనోసిన్ అనే పదార్థం చేరుతూ పోతుంది, వానాకాలంలో ఊడ్పు చేలో నీరు చేరినట్టు. నిద్రపోతేనే అది దిగుతుంది. పొద్దుటి నుంచి చేరిన ఆ బరువు మధ్యాహ్నానికి బాగా పెరుగుతుంది, మెలకువగా ఉంచాల్సిన గడియారం సరిగ్గా ఆ వేళకే కాస్త జోరు తగ్గిస్తుంది, సాయంత్రం మళ్లీ అందుకుంటుంది. నాలుగున్నరకి లేచిన మీకు రెండు గంటలకి ఆ బరువు ఎంత ఉంటుందో, అది కూడా నిన్నటి బాకీ తీరకుండా, మీరే ఊహించుకోండి. లేసు లెక్క తప్పడం మీ చేతగానితనం కాదు.

టీ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. టీలో ఉండే కెఫీన్ ఆ అడెనోసిన్‌ని తగ్గించదు, దాని సంగతి మెదడుకి తెలియకుండా అడ్డుపడుతుంది అంతే. తాగిన కెఫీన్‌లో సగం ఐదు గంటల తర్వాత కూడా ఒంట్లోనే ఉంటుంది. మీరు సాయంత్రం నిద్ర లేచాక, మళ్లీ ఏడింటికి తాగుతున్న టీలు రాత్రి పదకొండుకి మీ కళ్లు మూయనివ్వడం లేదు. మధ్యాహ్నం మూడు దాటాక టీ మానేయండి. మొదటి వారం తలనొప్పి రావచ్చు, తర్వాత పోతుంది.

ఇక పగటి నిద్ర మంచిదా చెడ్డదా అన్నారు. దీని మీద మనకి దగ్గర్లో, మద్రాసులో జరిగిన ఒక పెద్ద పరిశీలన ఉంది, 2021లో అచ్చయింది. అక్కడ తక్కువ ఆదాయం వాళ్లని 452 మందిని కంప్యూటర్‌లో వివరాలు ఎక్కించే పనిలో పెట్టుకుని వాళ్ల నిద్రని కొలిచారు. రాత్రి ఎనిమిది గంటలు పడక మీద ఉన్నా వాళ్లకి పట్టే నిద్ర ఐదున్నర గంటలే, వేడి, దోమలు, చప్పుడు. కొంతమందికి కళ్లకి గంతలు, చెవుల్లో పెట్టుకునే దూది లాంటివి, ఫ్యాన్లు, పరుపులు ఇచ్చి రాత్రి నిద్ర సుమారు అరగంట పెంచారు. పనిలో పెద్ద తేడా ఏమీ కనబడలేదు. మరికొందరికి పనిచేసే చోటే మధ్యాహ్నం అరగంట పడుకోవడానికి వీలు కల్పించారు, వాళ్ల పని మెరుగైంది, మనసూ కుదుటపడింది, శ్రద్ధ పెరిగింది. నాకు ఆ పరిశీలనలో నచ్చింది ఏమిటంటే దాని రెండో వైపు కూడా దాచకుండా చెప్పారు. ఆ అరగంట ఊరికే కూర్చున్నవాళ్ల కంటే పడుకున్నవాళ్లు ఎక్కువ సంపాదించారు గానీ, ఆ అరగంట కూడా పనే చేసినవాళ్ల కంటే వాళ్ల చేతికి వచ్చిన డబ్బు తక్కువ, అరగంట పని పోతుంది కదా. మీదీ చేసినదాన్ని బట్టి డబ్బులొచ్చే పనే కాబట్టి ఈ లెక్క మీకూ వర్తిస్తుంది. కానీ వాళ్లకి తప్పు కొడితే సరిదిద్దడం తేలిక, మీకు ఒక గడి తప్పితే వరసంతా ఊడదీయాలి. రెండు నుంచి మూడు వరకు అల్లి మూడు నుంచి నాలుగు వరకు ఊడదీస్తుంటే ఆ గంట మీకు మిగిలింది ఏమీ లేదు. ఒక వారం పాటు రెండింటికి అల్లినదెంత, అందులో ఊడదీసినదెంత, ఒక కాగితం మీద రాసుకోండి. రేపు ఇంట్లో మాట్లాడాల్సి వస్తే మీ చేతిలో ఆ కాగితం ఉండాలి.

గ్రీసు దేశంలో 23 వేల మందికి పైగా జనాన్ని ఆరేళ్లకి పైగా గమనించి 2007లో ఒక సంగతి చెప్పారు: వారానికి మూడుసార్లైనా మధ్యాహ్నం అరగంట, ఆ పైన పడుకునేవాళ్లలో గుండెజబ్బు చావులు తక్కువ. అలాగని పగలు ఎంత పడుకుంటే అంత మంచిదనుకోకండి. రోజూ గంటకి మించి పగలు పడుకునేవాళ్లలో షుగరూ గుండెజబ్బులూ ఎక్కువగా కనిపించిన పరిశీలనలూ ఉన్నాయి. నిద్ర వల్ల జబ్బు వచ్చిందా, లోపల ఉన్న జబ్బు వల్ల నిద్ర వస్తోందా అన్నది వాటిల్లో విడదీయడం కష్టం. డాక్టరుగా నా అనుభవంలో రెండోదే ఎక్కువ. దాని గురించి కింద చెబుతాను.

మీకు నేను చెప్పే పద్ధతి ఇది. ఒంటిగంటన్నరకి అంట్ల దగ్గర నుంచి లేసు దగ్గరికి వెళ్లకుండా చాప మీదకి వెళ్లండి. ఫోన్‌లో ఇరవై ఐదు నిమిషాలకి అలారం పెట్టండి. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని ఉండండి, అదీ విశ్రాంతే. ఇరవై, ముప్పై నిమిషాలు దాటితే చాలామందికి గాఢనిద్ర మొదలవుతుంది. అందులోంచి మధ్యలో లేస్తే తల దిమ్ముగా, ఒళ్లు బరువుగా, పడుకోకపోయినా బాగుండేది అన్నట్టు ఉంటుంది. సాయంత్రం గంట పడుకుని లేచాక మీకు జరుగుతున్నది అదే. రాత్రి రెండు సార్లు ఫోన్లు వచ్చి అసలు నిద్రే లేని రోజున మాత్రం గంటన్నర పడుకోండి, ఒక నిద్ర చుట్టు పూర్తయి తేలికగా లేస్తారు. కానీ అది రోజువారీ అలవాటు కాకూడదు, ఎందుకంటే ఆ రాత్రి నిద్ర ఆలస్యమవుతుంది. ఇక సాయంత్రం ఐదింటి నిద్ర పూర్తిగా మానేయండి. రాత్రి కోసం చేరిన నిద్ర బరువంతా మీరు ఆ గంటలో దించేసుకుంటున్నారు. అసురసంధ్య వేళ పడుకోకూడదు, దీపం పెట్టే వేళకి ఇల్లాలు లేచి ఉండాలి అని మన పెద్దవాళ్లు ఊరికే అనలేదు. ఈ ఒక్క విషయంలో మీ అత్తగారి మాట, నా మాట ఒకటే.

అత్తగారి దగ్గరికి వద్దాం. ఆవిడని ఎదిరించాల్సిన అవసరం ఉందని నేను అనుకోవడం లేదు. ఆవిడ దుర్మార్గురాలనే మాట మీరు కూడా నాలుగు పేజీల్లో ఎక్కడా రాయలేదు. ఆవిడ పెరిగిన కాలంలో కోడలు పగలు పడుకోవడమంటే ఇంటి పరువు పోవడమే. ఆవిడని అలా పడుకోనివ్వలేదు కాబట్టి ఆవిడా పడుకోనివ్వడం లేదు. ఆయుర్వేదం మాట అయితే ఆవిడ వింటుందేమో చూడండి. పగటి నిద్ర మంచిది కాదని చరక సంహిత అన్న మాట నిజమే, కఫం పెరుగుతుందని. కానీ అదే చోట, ఎండాకాలంలో రాత్రులు చిన్నవి కాబట్టి పగలు పడుకోవచ్చని కూడా ఉంది. బరువు పనులతో అలిసినవాళ్లకి, ముసలివాళ్లకి, చిన్నపిల్లలకి, నీరసపడ్డవాళ్లకి ఏ కాలంలోనైనా పనికొస్తుందని ఉంది. కూర్చున్నచోటే కాస్త కునుకు తీస్తే ఏ దోషమూ లేదనీ ఉంది. మీ ఊళ్లో ఆవిడ గౌరవించే ఆయుర్వేద వైద్యుడో, పురాణం చెప్పే పెద్దాయనో ఉంటే వాళ్ల నోట చెప్పించండి, మీరు చెబితే వాదన అవుతుంది.

అది కుదరకపోతే మూడు దారులున్నాయి, మూడింటికీ వాటి ఖర్చు ఉంది. మొదటిది, మీరే ఒక పూట ఆవిడ మనసు బాగున్నప్పుడు పక్కన కూర్చుని, "అత్తయ్యగారూ, రోజూ అన్నం తిన్నాక అరగంట పడుకుంటానండి, రెండింటికల్లా లేచి లేసు పడతాను, లేవకపోతే మీరే లేపండి" అని నేరుగా చెప్పేయడం. అడగడం కాదు, చెప్పడం. లేపే పని ఆవిడకే ఇవ్వడంలో నా ఉద్దేశం, ఆవిడ కూడా అందులో ఉండాలని. మొదటి పది పదిహేను రోజులు మాటలు తప్పవు, ఓర్చుకోవాలి. కానీ దొంగచాటుగా తలుపేసుకుని పడుకోవడం కంటే ఇదే మేలు, గుండె దడతో పడుకుంటే నిద్ర ఎలాగూ పట్టదు. రెండోది, మీ ఆయన చేత చెప్పించడం. పని త్వరగా అవుతుంది, అయితే "మొగుడికి చాడీలు చెప్పింది" అనే మాట ఆ ఇంట్లో ఏళ్ల తరబడి ఉండిపోవచ్చు. మీ అత్తగారి స్వభావం మీకే తెలుసు. మూడోది, గొడవే వద్దనుకుంటే పడక్కుర్చీలో లేసు ఒళ్లో పెట్టుకుని కళ్లు మూసుకోవడం. కూర్చుని తీసే కునుకు పడుకున్నంత హాయిగా ఉండదు గానీ పదిహేను ఇరవై నిమిషాలకి బాగానే పనికొస్తుంది. నష్టం ఏమిటంటే మీ విశ్రాంతి ఎప్పటికీ దొంగతనంలాగే మిగిలిపోతుంది, మీ కూతురు అది చూస్తూ పెరుగుతుంది. నన్నడిగితే మొదటిదే మంచిది. కానీ ఆ ఇంట్లో ఉండేది మీరు.

ఇక్కడ ఒక సంగతి చెప్పకుండా ముందుకి వెళ్లలేను. మీ ఆయన చెరువు మీద ఉంటే అది పని, మీరు అరుగు మీద కూర్చుని లేసు అల్లితే అది "ఖాళీ టైంలో చేసుకునేది". నరసాపురం లేసు దేశదేశాలకి ఎగుమతి అవుతుంది. 1970ల చివర్లో మరియా మీస్ అనే జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మీ ప్రాంతానికి వచ్చి, లేసు అల్లే ఆడవాళ్ల మధ్య తిరిగి, 1982లో పుస్తకం రాసింది. రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లే ఆడవాళ్లని కూడా ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులుగానే లెక్కేస్తున్నారని, అందుకే కూలి అంత తక్కువని ఆవిడ చెప్పింది. నలభై ఏళ్లు దాటిపోయాయి. మీ అలసట ఎవరికీ కనబడకపోవడానికి కారణం మీ పని ఎవరికీ పనిగా కనబడకపోవడం. మీ ఇంట్లో నెలకి లేసు మీద ఎంత వస్తోందో మీ ఆయనకి, పిల్లలకి తెలుసా? కూతురి ఫీజు ఆ డబ్బుతోనే కడుతున్నానని ఉత్తరం మూడో పేజీలో ఒక మూల రాశారు. అది ఇంట్లో అందరికీ తెలియాలి.

మీ ఇంట్లో అసలు చిక్కు నాకు ఇంకోటి కనబడుతోంది. నలుగురు మనుషులు నాలుగు గడియారాల మీద బతుకుతున్నారు, వాటన్నిటి మధ్యా మీరు నలుగుతున్నారు. వయసు పెరిగేకొద్దీ శరీర గడియారం ముందుకి జరుగుతుంది. రాత్రి ఎనిమిదికే నిద్ర, తెల్లవారుజామున మూడుకే మెలకువ. మీ అత్తగారు మూడున్నరకి లేవడం ఆవిడ వయసుకి మామూలే. పొద్దున్న పదింటికి, మళ్లీ మధ్యాహ్నం ఆవిడ కుర్చీలో జోగుతుంటారని మీరే రాశారు, అదీ పగటి నిద్రే, ఆవిడకి అవసరమే. దయచేసి తగువులో ఆ మాట అనకండి. మూడున్నరకి ఆవిడ చేసే పనుల్లో చప్పుడు లేనివి ఉండేలా చూడండి. గిన్నెలు రాత్రే సర్దేసుకుని, ఆ వేళకి పూలు కట్టుకోవడమో, జపమో పెట్టుకుంటే మీకు రోజుకి ఒక గంట నిద్ర కలిసొస్తుంది. మీ సమస్యలో ఇంత చవగ్గా దొరికే గంట ఇంకోటి లేదు.

మీ అబ్బాయిది దీనికి సరిగ్గా ఎదురు. ఈ వయసు పిల్లల గడియారం వెనక్కి జరుగుతుంది, పదకొండు కొడితే గానీ నిద్ర రాదు, పొద్దున్న లేవలేరు. నాయనమ్మ నాలుగింటికి లేపి బ్రాహ్మీ ముహూర్తంలో చదవమంటే వాడు పుస్తకం ముందు కూర్చుని నిద్రపోతున్నాడని రాశారు. లేపకండి. ఆ గంట నిద్రపోనివ్వండి, చదివింది బుర్రలో స్థిరపడేది నిద్రలోనే. వాడిని ఐదింబావుకి లేపితే బస్సుకి సరిపోతుంది, మీరూ ఐదింటికి లేస్తే సరిపోతుంది, టిఫిన్‌కి కావాల్సినవి రాత్రే సిద్ధం చేసుకుంటే.

మీ ఆయన గురించి నాకు మీకంటే ఎక్కువ కంగారుగా ఉంది. రాత్రి చెరువులో నాచు ఆక్సిజన్ తయారుచేయదు, రొయ్య, నాచు, అడుగున కుళ్లినది అన్నీ కలిసి పీల్చేసుకుంటాయి, అందుకని తెల్లవారే ముందు నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. ఆ వేళ కరెంటు పోయి ఏరేటర్లు, అంటే నీళ్లలో గాలి కలిపే యంత్రాలు, ఆగితే పంటంతా పోతుంది. ఆయన మేలుకోక తప్పదు, అర్థమైంది. కానీ ఏడింటికి కాలువ గట్టు మీద బండి నడుపుకుంటూ వస్తున్నారు. ఏకబిగిన 17 గంటలు మేలుకున్న మనిషి, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషిలా తడబడతాడని 1997లో ఆస్ట్రేలియాలో పరీక్షించి చూపించారు. మన చట్టం బండి నడపడానికి ఒప్పుకునేది 0.03 దాకానే. ఆయన్ని చెరువు మీద షెడ్డులోనే అరగంట పడుకుని బయల్దేరమనండి. రాత్రి మేలుకున్నవాళ్లు ఆ మేలుకున్న సేపులో సగం, పొద్దున్న ఏమీ తినకముందే పడుకోవాలని అష్టాంగ హృదయం అనే ఆయుర్వేద గ్రంథంలో కూడా ఉంది. రెండు ముక్కలుగా పడుకోవడం కంటే వచ్చీ రాగానే, గదికి ముదురు రంగు తెరలు కట్టి, ఐదు గంటలు ఒక్క విడతగా పడుకుంటే ఆయనకి మేలు. అప్పుడు మధ్యాహ్నం రెండు గంటల నిద్ర అక్కర్లేదు, మీతో పాటు అరగంట చాలు. వారానికి రెండు రాత్రులైనా కాపలా మనిషితోనో, పక్క చెరువు రైతుతోనో వంతులు వేసుకోగలిగితే ఇంకా మంచిది. జీతం ఖర్చవుతుంది, కానీ నిద్రలో తూలి చెరువులో పడ్డ మనిషికి అయ్యే ఖర్చుతో పోలిస్తే అది తక్కువే.

మరి ఆ రాత్రి ఫోన్లు మీకెందుకు వస్తున్నాయి? జనరేటర్ మెకానిక్ నంబరు మీ ఫోన్‌లో ఉంది కాబట్టి అని రాశారు. ఆ నంబరు ఆయన ఫోన్‌లోకి, షెడ్డు గోడ మీదకి ఎక్కించండి. ఇంత చిన్న పని, వారానికి మూడు రాత్రుల మీ నిద్ర మిగులుతుంది. నిజంగా మీరు వెళ్లాల్సిన అవసరమే వస్తే సరే.

లేసు పనిలోనూ కాస్త మార్పు చేసి చూడండి. కొత్త డిజైను, లెక్క ఎక్కువున్నది, తొమ్మిదిన్నర నుంచి పదకొండున్నర దాకా అల్లండి, మీలాంటి పెందరాళే లేచే మనిషికి బుర్ర చురుగ్గా ఉండే వేళ అది. మధ్యాహ్నం కునుకు తర్వాత పావుగంట ఆగి మొదలుపెట్టండి. చేతికి అలవాటైన అంచులు, తేలిక ముక్కలు సాయంత్రానికి ఉంచుకోండి. దీనివల్ల వంట ముందుకో వెనక్కో జరుగుతుంది, ఒక కూర తగ్గితే తగ్గనివ్వండి.

రాత్రి వేడి మాటకొస్తే, నిద్ర పట్టాలంటే ఒంటి వేడి కొద్దిగా దిగాలి. డెల్టాలో ఉక్కకి చెమట ఆరదు, పగలంతా కాగిన స్లాబు అర్ధరాత్రి దాకా కింద గదిలోకి వేడి వదులుతూనే ఉంటుంది. స్లాబు పైన తెల్ల సున్నం కొట్టించండి, తేడా తెలుస్తుంది. పడుకునే ముందు స్నానం చేయండి. వీలైతే ఈ రెండు నెలలూ పెరట్లో దోమతెర కట్టుకుని నవారు మంచం మీద మీరూ అమ్మాయీ పడుకోండి.

చివరిగా, ఇది జబ్బా అని అడిగారు. కావచ్చు, చూడాలి. మీ వయసు ఆడవాళ్లు నా దగ్గరికి నీరసమని వచ్చి సెలైన్ పెట్టండి, బలం ఇంజెక్షన్ ఇవ్వండి అంటారు. వాటితో డబ్బు పోతుంది, నీరసం పోదు. ముందు హిమోగ్లోబిన్ చూపించుకోండి. 12 గ్రాముల కంటే తక్కువుంటే రక్తహీనత, నెలసరి ఎక్కువగా అవుతోందని రాశారు కాబట్టి నాకు ముందు అనుమానం అదే. దాంతోపాటు థైరాయిడ్, షుగర్. ఈ మూడూ మీ దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రిలోనో ల్యాబులోనో ఒక్క పూటలో అయిపోయే పరీక్షలు. మీరు గట్టిగా గురక పెడతారా, నిద్రలో ఊపిరి ఆగినట్టు ఉలిక్కిపడి లేస్తారా, ఇది మీ అమ్మాయిని అడగండి, మీకు తెలియదు. అదే ఉంటే ఎంత పడుకున్నా బాకీ తీరదు, ఊపిరితిత్తుల డాక్టరుకో, చెవి ముక్కు గొంతు డాక్టరుకో చూపించాలి. ఏడు గంటల నిద్ర నాలుగు వారాలు వరసగా దొరికాక కూడా మధ్యాహ్నం ఇలాగే కళ్లు మూతలు పడుతుంటే అప్పుడు పరీక్షలు ఇంకాస్త లోతుగా చేయించాలి.

ఇవన్నీ ఒక్కసారి మొదలుపెట్టకండి, ఇల్లంతా మీ మీద పడుతుంది. ఈ వారం రక్తపరీక్ష, మెకానిక్ నంబరు, సాయంత్రం నిద్ర మానడం. వచ్చే వారం అత్తగారితో మాట. పరీక్షల కాగితాలు వచ్చాక అందులో అంకెలు రాసి పంపండి, మందులు ఏమైనా కావాలా అన్నది చూసి చెబుతాను.